దారిలో టైరు దిగితే



మన నిజామాబాదు, బోధన్ ప్రాంతములో క్రిస్మస్ ప్రయాణములు, చెరకు కోతలు ఒకే కాలములో వస్తాయి. ఒక ప్రక్క చెరకు నింపిన ట్రాక్టర్లు రెండేసి ట్రాలీలు లాగుచు నడుస్తాయి. మరొక ప్రక్క మన విశ్వాస కుటుంబములు గిన్నెలు, పొయ్యి, బియ్యపు సంచి, దుప్పట్లు, చంటిబిడ్డల ఊయల గుడ్డ సహా ఒక బండిలో సర్దుకొని మెదక్ దేవాలయమునకు బయలుదేరుతాయి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయమునకు మన తాతలు ఎడ్లబండ్ల మీద వెళ్ళేవారు. ఆ చక్రములకు ఇనుప పట్టా ఉండేది గనుక గాలి పోవుట అనేది వారికి తెలియదు. పట్టా ఊడితే కమ్మరి, ఆకు విరిగితే వడ్ల ఆయన, అంతే. ఇప్పుడు మనము గాలి మీద ప్రయాణము చేస్తున్నాము. ఈ నెల ఆ గాలి గురించి, అది పోయిన రాత్రి అయ్యే ఖర్చు గురించి మాట్లాడుకుందాము. సంఘ పత్రికలో టైరు సంగతి ఏమిటని కొందరు పెద్దలు అనవచ్చును. అయితే ఒక కుటుంబములో నెల జీతము తగ్గిపోయి, ఆ తల్లి ప్రార్థనకు వచ్చి ఏడ్చిన సంగతి ఇందులో ఉన్నది. అందుచేత ఇది మన పత్రిక సంగతియే.

విదేశాలలో మోటారు హోము అని ఒకటి ఉన్నది. వంటగది, పడక, స్నానాల గది అన్నీ ఉన్న బండి. అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులలో దానిని అద్దెకు తీసుకొని తిరుగుతారు. మనకు అటువంటిది లేకపోయినా గిన్నెలతో, దుప్పట్లతో నిండిన మన మినీ బస్సు ఒక రాత్రికి ఇల్లే అవుతుంది. ఇల్లు కదలకుండా నడిరోడ్డున నిలిచిపోతే ఏమవుతుందో చూద్దాము.

ముందుగా లూకా సువార్త పదియవ అధ్యాయము తెరవండి. యెరూషలేము నుండి యెరికో పట్టణమునకు దూరము సుమారు 27 కిలోమీటర్లు. ఇంచుమించు నిజామాబాదు నుండి బోధన్ ఎంత ఉన్నదో అంత. కాకపోతే మన దారి చదునుగా పొలాల మధ్య పోతుంది, అది వెయ్యి మీటర్లు దిగే కొండదారి. ఆ దారిలో పడియున్నవానికి సమరయుడు చేసిన సహాయమును మనము జాలి గురించి చాలాసార్లు ప్రసంగించాము. ఒకసారి ఖర్చు లెక్క వేసి చూడండి. నూనె పోయెను, ద్రాక్షారసము పోయెను, కట్టు కట్టుటకు గుడ్డ పోయెను. తన వాహనము మీద అతనిని ఎక్కించెను గనుక తాను నడిచి ఉండవలెను. ఒక రాత్రి పని చెడెను. మరునాడు పూటకూళ్ళవానికి రెండు దేనారములు ఇచ్చెను. మత్తయి ఇరువదియవ అధ్యాయము ప్రకారము ఒక దేనారము ఒక దినపు కూలి గనుక అది రెండు దినముల కూలి. ఇంతటితో అయిపోలేదు. ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చునప్పుడు తీర్చుతానని మాట ఇచ్చెను. మా దృష్టిలో ఆ ఉపమానములో బరువైన భాగము అదే. దారిలో అయ్యే ఖర్చుకు ముందుగా అంకె వేయలేమని, అయినా దానిని ఎవరో ఒకరు భరించవలెనని ఆ బాటసారికి తెలుసు. ఎవరు భరించాలి అనేదే మన ప్రశ్న కూడా.

మూడు సంవత్సరముల క్రితము క్రిస్మస్ అయిన మూడవ రోజున మా సంఘము నుండి 21 మందిమి ఒక మినీ బస్సు మాట్లాడుకొని మెదక్ వెళ్ళాము. బోధన్ నుండి రుద్రూరు, బాన్సువాడ, ఎల్లారెడ్డి మీదుగా ప్రయాణము. బండి అద్దె, డీజిలు, డ్రైవరు బత్తా, అన్నీ ముందే మాట్లాడుకున్నారు. ఆరాధన, భోజనము అయి చీకటి పడిన తరువాత తిరుగు ప్రయాణము. పోచారము చెరువు దాటి అడవి దారిలో వస్తుండగా డ్రైవరు అద్దములో చూచి, "అయ్యగారూ, ఎనక ఏదో కొట్టుకుంటాంది" అన్నాడు. ఆపుటకు చోటు లేదు. ఒక ప్రక్క మలుపు, మరొక ప్రక్క వాగు. కొంత దూరము పోయి వెడల్పు ఉన్న చోట ఆపి దిగి చూస్తే వెనుక లోపలి టైరు పూర్తిగా నలిగిపోయి ఉన్నది. స్టెప్నీ దింపితే దానిలోనూ గాలి లేదు.

చేతిఫోను వెలుగులో పదిమంది పది సలహాలు ఇచ్చారు. వృద్ధ సహోదరి ఒకరికి చక్కెర వ్యాధి, వేళకు తినవలెను. ఇద్దరు చంటిబిడ్డలు. ఎవరి ద్వారానో ఒక పంక్చరు దుకాణము నంబరు దొరికింది, 14 కిలోమీటర్ల దూరము. ఆ ముస్లిం సహోదరుడు అన్నము ముందర కూర్చున్నవాడు లేచి, మోటారు సైకిలు మీద జాకీ, పానాలు కట్టుకొని, కుమారుని వెనుక కూర్చోబెట్టుకొని రాత్రి పదకొండు గంటలకు వచ్చాడు. రెండు చక్రములు విప్పి, టైరు చూపించి, "సార్, ఇది ప్యాచ్ వేసే పని కాదు, లోపల దారమంతా తెగింది" అన్నాడు. అతని దుకాణములో ఉన్న పాత టైరు తెప్పించి బిగించేసరికి రెండు దాటింది.

మరునాడు కోశాధికారి లెక్క వ్రాశారు. మెకానిక్ వచ్చినందుకు 800 రూపాయలు, చక్రములు విప్పి బిగించినందుకు 400, ట్యూబు 900, ఫ్లాపు 300, పాత టైరు 4,000. స్త్రీలను, బిడ్డలను ఎల్లారెడ్డి వరకు చేర్చిన రెండు ఆటోలకు 1,200. అక్కడ తెరచి ఉన్న ఒక హోటలులో ఇడ్లీ, పాలు, బిస్కెట్లకు 750. మొత్తము 8,350 రూపాయలు. బయలుదేరేటప్పుడు పంక్చరు అయితే ఎంత అవుతుందని ఎవరినైనా అడిగితే రెండు వందలో మూడు వందలో అనేవారు.

"రావడానికే ఎనిమిది వందలా?" అని మన వారిలో కొందరు గొణిగారు. ఈ మాటతో మేము ఏకీభవించము. చలికాలపు అర్ధరాత్రి అడవిలోకి 14 కిలోమీటర్లు వచ్చి, తిరిగి 14 కిలోమీటర్లు పోవలెను. ఆ రాత్రి దుకాణము ముందు ఇంకొక బండి వచ్చి ఆగితే ఆ బేరము పోతుంది. పట్టణములో పట్టపగలు దుకాణము ముందు బండి నిలిపితే అయ్యే ధరను అడవిలో అడుగుట న్యాయము కాదు. పంక్చరు దుకాణాలవారే రోడ్డు మీద మేకులు చల్లుతారని ఒక మాట కూడా ఆ రాత్రి వినిపించింది. సాక్ష్యము లేని ఆ మాటను మేము అక్కడే ఆపించాము. ఆ మనిషి చేతులకు మట్టి, మన చేతులలో అతని కుమారుడు తెచ్చిన మంచినీళ్ళ సీసా.

మరి రెండు వందల పని ఎనిమిది వేలు ఎందుకయింది? ఇది మన కుటుంబ పెద్దలు, ముఖ్యముగా బండ్లున్న యౌవనులు తెలుసుకోవలసిన సంగతి. వెనుక జంట చక్రములున్న బండిలో లోపలి టైరు గాలి పోతే బయటి టైరు బరువంతా మోస్తుంది, బండి నడుస్తూనే ఉంటుంది. డ్రైవరుకు వెంటనే తెలియదు. గాలి లేని టైరు ప్రతి చుట్టులో నలిగి, మడిచి, వేడెక్కుతుంది. దాని గోడలలో ఉన్న దారములు తెగుతాయి. మేకు చేసిన రంధ్రము చిన్నదే, ప్యాచ్‌తో పోతుంది. గాలి లేకుండా నడిచిన రెండు కిలోమీటర్లే టైరును చంపుతాయి. బయటి టైరుకు కూడా రెండింతల బరువు పడి దాని ఆయుస్సు తగ్గుతుంది. గాలి ఎక్కువైతేనే టైరు పగులుతుందని ఎండాకాలములో కొందరు గాలి తగ్గించి నడుపుతారు, ఇది పొరపాటు. తక్కువ గాలితో నడిచే టైరే ఎక్కువ నలిగి, ఎక్కువ వేడెక్కి పగులుతుంది. పాత లారీ డ్రైవర్లు ఆగిన ప్రతి చోటా కర్రతోనో పానాతోనో చక్రములను కొట్టి శబ్దము వింటారు. గాలి ఉన్నది గంటలాగా పలుకుతుంది, లేనిది మొద్దుగా పలుకుతుంది. ఒక నిమిషము పని, పైసా ఖర్చు లేదు. బయలుదేరే ముందు స్టెప్నీలో కూడా గాలి చూపించండి. స్టెప్నీని బండి అడుగున కట్టి సంవత్సరముల తరబడి మరచిపోయే అలవాటు మన జిల్లాలో చాలా ఉన్నది.

పాత టైరు కొనవలసి వస్తే దాని గోడ మీద నాలుగు అంకెలు చూడండి. 3519 అని ఉంటే 2019వ సంవత్సరము 35వ వారములో తయారైనదని అర్థము. అరిగిన టైరును వేడి కత్తితో గాడులు కోసి కొత్తదివలె అమ్మేవారు కూడా ఉన్నారు గనుక గాడులు మాత్రమే చూచి మోసపోకూడదు. కారు మొదలు బస్సు వరకు గాడి లోతు కనీసము 1.6 మిల్లీమీటర్లు ఉండవలెనని మోటారు వాహన నిబంధనలు చెప్పుచున్నవి, రెండు మూడు చక్రముల బండ్లకు 0.8. కొత్త టైరు కొనగలిగిన వారికి ఒక ఊరట: 2025 సెప్టెంబరు 22 నుండి టైర్ల మీద జి.ఎస్.టి. 28 శాతము నుండి 18కి తగ్గినది, ట్రాక్టరు టైర్లు ట్యూబుల మీద 18 నుండి 5కు తగ్గినది.

ఇన్సూరెన్సు ఉన్నది కదా అని ఒక సహోదరుడు మమ్మును అడిగాడు. చాలా బండ్లకు ఉన్నది చట్టము కోరిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే. అది ఎదుటివారికి జరిగిన నష్టమునకే. పూర్తి పాలసీ ఉన్నా టైరు ఒక్కటే చెడితే ఏమీ రాదు. ప్రమాదములో బండి కూడా దెబ్బతిని టైరు చెడితే దాని ఖరీదులో సగము ఇస్తారు. ఈ మధ్య కొద్ది రూపాయలు అదనముగా తీసుకొని రోడ్‌సైడ్ అసిస్టెన్సు అని కలుపుచున్నారు. మంచిదే. అయితే ఆ కాగితము చివరి పుటలు చదవండి. మనిషి వచ్చుట ఉచితము, అతడు మార్చేది మీ దగ్గర ఉన్న స్టెప్నీని. స్టెప్నీలో గాలి లేకపోతే? టైరు, ట్యూబు, విడి భాగముల ఖరీదు సాధారణముగా మీదే. బండిని లాగుకొని పోవుటకు ఇన్ని కిలోమీటర్లని హద్దు ఉంటుంది, దాటితే కిలోమీటరుకు ఇంతని తీసుకుంటారు. సంవత్సరములో ఎన్నిసార్లు అనే లెక్క ఉంటుంది. సొంత కారుకు ఇచ్చేది అద్దె బండికి ఇవ్వకపోవచ్చును. డబ్బు కట్టే ముందే అడుగుట మంచిది.

జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033 నంబరుకు ఫోను చేయవచ్చును. ఫోనుకు ఖర్చు లేదు. 44వ నంబరు రహదారి మీద డిచ్‌పల్లి, ఇందల్వాయి, కామారెడ్డి వైపు పోయేవారు ఈ నంబరు వ్రాసి పెట్టుకోండి. గస్తీ బండి, క్రేను, అంబులెన్సు వారి దగ్గర ఉంటాయి. అయితే వారి ముఖ్యమైన పని దారిని అడ్డము లేకుండా చేసి మిమ్మును క్షేమముగా ప్రక్కకు చేర్చుట. మీ టైరు బాగుచేసుకొనుట మీ పని. మన పల్లె రోడ్లకు ఈ ఏర్పాటు లేదు.

ఈ సంగతి అమెరికాలో ఉన్న మన సంఘపు కుటుంబమొకటి ఫోనులో విని నవ్వింది. అక్కడ కూడా ఇంతేనట. మోటారు క్లబ్బులో సభ్యత్వము ఉన్నది గదా అని వారు ధైర్యముగా మోటారు హోము తీసుకొని బయలుదేరారు. ఎడారి దారిలో టైరు పోయినప్పుడు వారి సభ్యత్వము కారుకు మాత్రమేనని, మోటారు హోముకు వేరుగా చేర్చుకొనవలసి ఉండెనని తెలిసింది. పైగా ఆ బండిలో స్టెప్నీయే లేదు. అంత పెద్ద టైరు మార్చుటకు పెద్ద ట్రక్కు రావలెను, ఆదివారము గనుక ధర ఎక్కువ. మన పోచారము అడవి బిల్లు దాని ముందు చిన్నబోయింది.

ఇక అసలు సంగతి. జనవరి చివర ఒక ఆదివారము ఆరాధన తరువాత ఆ డ్రైవరు తల్లి మా దగ్గరకు వచ్చింది. ఆమె వేరే ఊరి సంఘములో సభ్యురాలు. "అయ్యగారూ, మా పోరని జీతంల నెలకు రెండు వేలు కోస్తుండ్రు. ఎనిమిది వేలు తీరేదాక కోస్తరంట. మీ బండి టైరు పలిగిన దినం లెక్క అంట" అన్నది. ఆ యువకుని జీతము 12,000. చెల్లెలు ఇంటరు చదువుచున్నది. అయిన ఖర్చంతా ఆ రాత్రి తన ఫోను నుండి కట్టినది అతడే. తన సొమ్ము తిరిగి ఇమ్మని యజమానిని అడిగితే మూడు వందల యాభై చేతిలో పెట్టి, నీ అజాగ్రత్త వలననే టైరు పోయిందని మిగతాది అతని మీదనే వేసి, అంతకుముందు ఇచ్చిన అడ్వాన్సు నుండి కోత మొదలుపెట్టారు.

మేము సంఘ పెద్దలను కూర్చోబెట్టాము. అభిప్రాయములు చాలా వచ్చాయి. అద్దె చెల్లించాము గనుక మన బాధ్యత తీరిందని ఒకరు. బండి యజమాని ధనవంతుడు, ఆయనే భరించాలని మరొకరు. డ్రైవరు చూచుకొనవలసినదని ఒకరు. ఆ చివరి మాటకు మేము ఒప్పుకోలేదు. స్టెప్నీకి గాలి పెట్టించుటకు యజమాని ఏనాడైనా డబ్బు ఇచ్చాడా? మలుపు మీద ఆపితే వెనుక నుండి వచ్చే లారీ 21 మందిని ఏమి చేసి ఉండేది? రెండు కిలోమీటర్లు నడిపి టైరు పోగొట్టిన ఆ పిల్లవాడు మనలను కాపాడినాడు. పనివారి కూలి బిగపట్టుట గురించి యాకోబు పత్రిక అయిదవ అధ్యాయములో ఎంత కఠినముగా వ్రాయబడెనో పెద్దలకు చదివి వినిపించాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇద్దరు పెద్దలు, మేము కలిసి యజమాని ఇంటికి వెళ్ళాము. ఆయన మొదట కోపముగానే, "ఇరువై ఒక్క మందిని, ఇన్ని గిన్నెలను ఎక్కిచ్చినంక టైరు పోకుంటే ఏం జేస్తది?" అన్నాడు. సీట్లు 24 ఉన్నవని, గిన్నెలు మూడేనని చెప్పాము. టీ వచ్చింది. ఒక గంట మాటల తరువాత ఒక దారి దొరికింది. బండిలో మిగిలిపోయే వస్తువు, అనగా టైరు, ట్యూబు, ఫ్లాపు, యజమానిది. అది 5,200. ప్రయాణికుల కొరకు ఆ రాత్రి అయిన ఖర్చు, అనగా మెకానిక్ కూలి, ఆటోలు, ఫలహారము, ప్రయాణికులది. అది 3,150. తలకు 150 చొప్పున వచ్చింది. డ్రైవరు మీద ఏమీ లేదు. కోసిన రెండు వేలు తిరిగి ఇచ్చుటకు ఆయన ఒప్పుకొని మార్చిలో ఇచ్చాడు. మన వారిలో పదునెనిమిది మంది సొమ్ము ఆ నెలలోనే వచ్చింది. నలుగురున్న ఒక కూలి కుటుంబమునకు 600 కష్టము గనుక మరొక కుటుంబము సగము పంచుకొన్నది. ఒకరిద్దరి దగ్గర ఇంకా రావలసి ఉన్నదని కోశాధికారి ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు. వారు ఈ పత్రిక చదువుతారు.

అప్పటి నుండి మా సంఘములో ఏ బండి మాట్లాడినా ఒక తెల్ల కాగితము మీద నాలుగు వాక్యములు వ్రాసుకుంటున్నాము. టైరు ట్యూబు ఎవరివి, రాత్రి మెకానిక్ ఖర్చు ఎవరిది, బండి కదలకపోతే ప్రయాణికులను చేర్చే బాధ్యత ఎవరిది, స్టెప్నీ చూచినవారు ఎవరు. యజమాని, సంఘ పెద్ద సంతకము చేస్తారు, డ్రైవరు పేరు ఖర్చుల వరుసలో ఉండదు. ప్రయాణపు చందాలో తలకు యాభై రూపాయలు వేరుగా తీసి పెట్టుచున్నాము. ఖర్చు కాకపోతే తిరిగి ఇస్తాము.

చెరకు తోలే కుటుంబములకు కూడా ఒక మాట. 1937లో శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజులలో బోధన్ చుట్టుప్రక్కల చెరకు గంటలో ఫ్యాక్టరీ గేటుకు చేరేది. 2015 డిసెంబరులో అది మూతబడిన తరువాత మిగిలిన చెరకు మాగి వైపునకో, కామారెడ్డి వైపునకో దూరము పోవలసి వచ్చింది. దూరము పెరిగితే టైర్ల అరుగుదల పెరుగుతుంది. నిండు ట్రాలీ టైరు పోతే జాకీ నిలువదు, సగము చెరకు రోడ్డు ప్రక్కన దింపవలెను, తిరిగి ఎక్కించవలెను, రెండు సార్లు కూలి. కోసిన చెరకు ఎండలో ఉన్నకొద్దీ తూకము తగ్గుతుంది, అదీ రైతుకే నష్టము. ఈ లెక్కలు రైతులకు మాకంటే బాగా తెలుసు.

మేము చెప్పదలచినది ఆ ట్రాలీ వెనుక పెట్టే రాళ్ళ గురించి. టైరు విప్పేటప్పుడు చక్రము జారకుండా పెద్ద రాళ్ళు పెడతారు, వెనుక వచ్చేవారికి తెలియుటకు కొమ్మలు, రాళ్ళు వరుసగా పేర్చుతారు. పని అయిపోగానే ట్రాక్టరు వెళ్ళిపోతుంది, రాళ్ళు అక్కడే ఉంటాయి. చీకటిలో మోటారు సైకిలు మీద వచ్చేవానికి అవి కనబడవు. రిఫ్లెక్టరు లేని ట్రాలీని రాత్రంతా రోడ్డు మీదనే వదిలి ఇంటికి పోయే అలవాటు కూడా ఉన్నది. ఇటువంటి రాయి తగిలి పడిన ఒక తండ్రికి మేము రెండు సంవత్సరముల క్రితము సమాధి ఆరాధన జరిపాము. ముగ్గురు పిల్లలు. పంక్చరు వేయించుకొన్న ఆ రైతు ఎవరో ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా తెలిసి ఉండదు.

ఎర్ర రిఫ్లెక్టరు పట్టీ చుట్ట ఖరీదు పెద్దది కాదు. ట్రాలీ ఉన్న ప్రతి ఇంటివారు ఈ క్రిస్మస్ లోపల వెనుక తలుపుకు అంటించండి. చక్రము క్రింద పెట్టుటకు రాళ్ళకు బదులు తాడు కట్టిన రెండు చెక్క ముక్కలు ట్రాక్టరులోనే ఉంచండి. తాడు ట్రాలీకి కట్టి ఉంటే మరచినా వెంటనే వస్తాయి. కట్టెల అడితిలో అడిగితే తుమ్మ మొద్దు నుండి కోసి ఇస్తారు. మా యౌవనస్థులు కొన్ని జతలు చేయించి దేవాలయము వసారాలో పెట్టారు, కావలసిన వారు ఆరాధన తరువాత తీసుకొని వెళ్ళవచ్చును.